బీ-టూ సీటు, ఒక చుక్క

తొంభై మూడు, మే నెల, రెండో మంగళవారం. పొద్దున పదకొండు గంటలు. నల్లగొండలో మా ఆఫీసు, పెద్ద ఇంజనీరు గారి గది. హాజరైనవారు: హైదరాబాదు నుంచి వచ్చిన విచారణాధికారి, మా పెద్ద ఇంజనీరు, హెడ్ క్లర్కు, బీ-టూ గుమాస్తా, సూపరింటెండెంటునైన నేను. బయట వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్నది మోత్కూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక గొర్ల కాపరి. ఆయనను ఎవరూ పిలవలేదు. అయినా హాజరైనవారి వరుసలో ఆయన పేరు కూడా రాసుకున్నాను.

రోజూ రాసే నా డైరీలో అందరి పేర్లూ ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఎవరి పేరూ ఎత్తను. ఇద్దరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లకు ఈ సంగతి మళ్లీ తవ్వడం ఇష్టముంటుందో లేదో అడగలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి వాళ్లకు చెప్పాలనిపించి రాస్తున్నాను. ఎందుకంటే మీరు పొద్దున లేచి చేసే మొదటి పని, మెషిన్ ముందు కూర్చుని మీరెవరో దానికి చెప్పుకోవడం. ఆ పని నా ఆఫీసులో ఎట్లా జరగాలో నిర్ణయించింది నేను. ఆ నిర్ణయం ఒక ఆడమనిషి ఉద్యోగం మీదికి వచ్చింది.

మాది తాగునీటి ఆఫీసు. ఊళ్లల్లో బోరింగులు వేయడం, వాటి నీళ్లు పరీక్ష చేయించడం మా పని. మా జిల్లా ఫ్లోరైడు నీళ్ల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. కంటికి తేటగా ఉంటాయి, నాలుకకు బాగానే ఉంటాయి, ఏళ్లు గడిచేసరికి మోకాళ్లను వంచేస్తాయి. చూసి కనిపెట్టలేం, తాగి కనిపెట్టలేం. ల్యాబు వాళ్లు చెప్పాల్సిందే. ల్యాబు 'చెడ్డ' అంటే ఆ బోరింగు తలకాయకు ఎర్ర రంగు, 'మంచి' అంటే నీలం. ఎర్రదాని నీళ్లు గిన్నెలు తోమడానికి, గొర్లకు. నీలందాని నీళ్లు మనుషులకు. చదువు రాని ముసలమ్మ కూడా ఆ రంగును నమ్మి బిందె పెట్టేది. ఏ బోరింగుకు ఏ రంగో చెప్పే జాబితా మా ఆఫీసులో ఉండేది. మొదట లావుపాటి రిజిస్టర్లలో, ఆ తర్వాత కంప్యూటరులో.

కంప్యూటరు వచ్చిన రోజు కూడా డైరీలో ఉంది. ఇనప బీరువాలో సగమంత పెట్టె ఒకటి, దానికి తీగలతో కట్టిన నాలుగు తెరలు. కంపెనీ తరఫున వచ్చిన మనిషి నెమ్మదస్తుడు. అన్నీ బిగించి, నా ముందు ఒక కాగితం పెట్టి అడిగాడు.

"సార్, పనిజేసే మనిషిని మెషిన్ ఎట్ల గుర్తువట్టాలె? మూడు తరీకలున్నయి. ఏదో ఒకటి మీరే చెప్పాలె."

ఆఫీసు మొత్తానికి ఒకే రహస్యపదం పెట్టుకోవడం మొదటిది. మనిషికొక పేరు, ఆ పేరుకొక రహస్యపదం రెండోది. మనిషితో పని లేకుండా తెరను గుర్తుపట్టడం మూడోది. ఆ తెర ముందు ఎవరు కూర్చుంటే వాళ్లు ఆ పని చేసే హక్కున్నవాళ్లే.

హెడ్ క్లర్కు పక్కనే నిలబడి వింటున్నాడు. ముస్లిం పెద్దమనిషి, ఉద్యోగంలో నాకన్నా కింద, వయసులో నాకన్నా పైన. అందరం చాచా అనేవాళ్లం.

"నాలుగోది లేదా బాబూ? ముప్పై ఏండ్ల సంది మేము మొఖం జూసి గుర్తువడ్తున్నం," అన్నాడు.

"మెషిన్‌కు కండ్లు లేవు చాచా."

"అయితే దానికి మాకంటె తక్కువ తెల్సు."

నవ్వుకున్నాం. కానీ నాలుగోది ఉండాలని నాకూ అనిపించింది. నేనే ఒకటి కనిపెట్టాను.

మీకు తెలుసో లేదో, మా కాలం ఆఫీసుల్లో మనిషి కన్నా సీటు పెద్దది. బీ సెక్షన్‌లో రెండో కుర్చీ అంటే బీ-టూ. కాగితం మీద 'బీ-టూకు పంపండి' అని రాస్తాం గాని ఫలానా ఆయనకు అని రాయం. మనుషులకు బదిలీలవుతాయి, రిటైరవుతారు, పోతారు. సీటు కదలదు. అందుకని మెషిన్‌కు మనుషుల పేర్లు ఎందుకు, సీట్ల పేర్లే ఇద్దాం అన్నాను. ఒక్కో సీటుకు ఒక్కో రహస్యపదం. మనిషి మారితే కొత్తమనిషికి ఆ పదం చెబితే సరిపోతుంది. పదాలన్నీ కవర్లలో పెట్టి, లక్కముద్ర వేసి, జోడు తాళంచెవుల పక్కన నా బీరువాలో పెడతాను. ఎంత పద్ధతిగా ఉందో చూడండి.

కంపెనీ మనిషి కలం మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

"సార్, మీరు తాళం మనిషికిస్తలేరు, కుర్చీకిస్తున్నరు. రేపు ఏదన్న అయితే ఎవరు జేసిన్రని కుర్చీని అడుగుతరా?"

"హాజరు పట్టీ ఉంది కదా. ఆ రోజు ఆ కుర్చీలో ఎవరున్నారో అందులో సంతకముంటుంది," అన్నాను. ఆ జవాబు చెప్పినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది. అది గుర్తుండటం నాకు పెద్ద శిక్ష.

లక్కముద్రలు పది రోజులు కూడా ఆగలేదు. చాచా ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ కొట్టేవాడు. ఆయన రహస్యపదం అటెండరుకు కూడా నోటికొచ్చింది. ఒకరి పని మీద ఇంకొకరు కూర్చోవడం మాకు తప్పుగా తోచేది కాదు. పక్క సీటు మనిషి చాయ్‌కి పోతే ఆయన ఫైలు మీద మనం రెండు ముక్కలు రాసిపెట్టినట్లే అది కూడా. అందులోనూ బీ-టూ తెర మీద అందరికీ కన్నుండేది. నాలుగు తెరల్లో అదొక్కటే సరిగ్గా ఫ్యాను కింద ఉంది.

ఆ సీటులో ఉన్నావిడకు అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. భర్త మా దగ్గరే బోరింగు మెకానిక్కు. ఆయన పోయాక ఆ ఉద్యోగానికి బదులు ఈమెకు గుమాస్తా పని ఇచ్చారు. నార్కట్‌పల్లిలో తల్లి, బడికి పోయే బిడ్డ. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది, అంటే ఒక్క మచ్చ పడితే ఇంటికి పంపేయొచ్చు. అది ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఆఫీసులో అందరూ ఆమెను సీటు పేరుతోనే పిలిచేవారు. 'బీ-టూ, ఆ కాగితం ఏమైంది?' 'బీ-టూ, చాయ్ తాగుతవా?' అది విని ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆమె పేరే అదనుకుని 'బీటమ్మా' అనడం మొదలుపెట్టారు. మొదట్లో చిన్నబుచ్చుకుంది. తర్వాత తనే నవ్వేది. "మా బిడ్డ కూడ అడుగుతాంది సార్, బీటమ్మ అంటె ఏ దేవత అని."

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. నాకు చుక్క పిచ్చి. వాక్యం చివర చుక్క లేని కాగితం వస్తే సంతకం పెట్టకుండా తిప్పి పంపేవాణ్ణి. మా నాయిన నాకు అక్షరాలు దిద్దించినప్పుడు పట్టిన అలవాటు. డైరీలో 'ఎండ' అని ఒక్కమాట రాసినా చివర చుక్క పెడతాను. వెనక నన్ను 'చుక్కల సారు' అంటారని తెలుసు. పట్టించుకోలేదు. లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

విచారణకు నాలుగు రోజుల ముందు, శుక్రవారం, ఆ గొర్ల కాపరి ఆఫీసుకొచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. బీ-టూ బల్ల ముందు నిలబడి, దాదాపు సంబరంగా అడిగాడు.

"బీటమ్మా, మా ఊరి ఎర్ర బోరింగు నీలంగయింది. మీ మిస్త్రీ వచ్చి రంగేసి పోయిండు. నీళ్లు మంచిగయినయా బిడ్డా?"

"ఏ బోరింగు పెద్దయ్యా?"

"గదే, బడి పక్కన ఉన్నది. నా పెద్దకొడుకు మోకాళ్లు గా నీళ్లకే వంగినయంటిరి. గప్పుడు చెడ్డయి, గిప్పుడు ఎట్ల మంచిగయినయి అని అడుగుదామని వచ్చిన. మంచిగైతె మంచిదే. నా కోడలుకు దూరం నడిచే బాధ తప్పుతది. ఇరవై దినాల సంది గవే తాగుతున్నం."

చాచా ఏదో హాస్యమాడబోయి ఆగిపోయాడు. బీ-టూ తెర మీద ఆ ఊరి వరుస తీసింది. నేను ఆమె వెనక నిలబడి చూశాను. బోరింగు నంబరు సరిగ్గానే ఉంది. దాని ఎదురుగా 'గుడ్' అని ఉంది. ల్యాబు వాళ్ల పాత చీటీ తీస్తే అందులో చెడ్డ అనే ఉంది. మళ్లీ పరీక్ష జరిగిన కాగితమేదీ లేదు. తవ్వితే సంగతి తేలింది. అదే పేరుతో భువనగిరి దిక్కు ఇంకో ఊరుంది. అక్కడ కొత్తగా వేసిన బోరింగుకు మంచి ఫలితం వచ్చింది. ఎవరో ఆ ఫలితాన్ని ఈ ఊరి వరుసలో ఎక్కించారు. జాబితా చూసి మిస్త్రీ రంగు మార్చాడు.

గంటలో జీపు పంపి ఆ బోరింగు పిడి విప్పించేశాం. గొర్ల కాపరికి చెప్పాల్సింది బీ-టూ చెప్పింది. ఆయన గొంగడి ఇటు భుజం మీంచి అటు భుజం మీదికి మార్చుకున్నాడు. "మరి తాగిన నీళ్లో?" అన్నాడు. సోమవారానికి కబురు హైదరాబాదు చేరింది. మంగళవారం విచారణాధికారి దిగాడు.

ఆయన కోపిష్టి కాదు. అదే ఇంకా భయం వేసింది. మెషిన్ దాచుకున్న లెక్క తీయించాడు: ఏ వరుసను, ఏ రోజు, ఏ గంటకు, ఎవరు మార్చారు. పొడుగాటి కాగితం చప్పుడు చేసుకుంటూ బయటికొచ్చింది. ఏప్రిల్ నెలలో ఒక రోజు, మధ్యాహ్నం మూడు దాటాక, మార్చినవారు: బీ-టూ.

"బీ-టూ ఎవరు?" అన్నాడు.

గదిలో అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. నాది కూడా.

ఆమె లేచి నిలబడింది. "సార్, ఆ దినం మధ్యాహ్నం నేను ఆఫీసుల లేను. మా అమ్మను కండ్ల దవాఖానకు తీస్కపోయిన."

హాజరు పట్టీ తెప్పించారు. ఆ తారీకున ఆమెవి రెండు సంతకాలూ ఉన్నాయి, వచ్చినప్పటిదీ, పోయేటప్పటిదీ.

"లేని మనిషి సంతకం ఎట్లా ఉంది?" అన్నాడు అధికారి.

"తెల్లారి పెట్టిన సార్. సూపరింటెండెంటు సారే పొమ్మన్నరు. ప్రొబేషన్ల ఉన్నవు, సెలవు రాస్తె లెక్కల పడ్తది, ఊకె పో, నేను జూస్కుంట అన్నరు."

అందరూ నా వైపు చూశారు. నాకు నిజంగానే గుర్తు రాలేదు. అట్లా నోటిమాటగా పంపడం నెలకు రెండు మూడుసార్లు జరిగేదే. మెతకమనసని నన్ను నేను మెచ్చుకుంటూ చేసే పని. "నాకు గుర్తు లేదు," అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ నా బల్ల సొరుగులో ఆ సంవత్సరం డైరీ ఉంది. తలుపు దాటితే నాలుగడుగులు. ముప్పై ఏళ్లుగా ఎవరికి ఏ తారీకు కావాలన్నా 'ఉండండి, చూసి చెప్తాను' అని లేచే నేను, ఆ రోజు లేవలేదు. ఎందుకు లేవలేదో అప్పుడు ఆలోచించలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నానని తర్వాత తెలిసింది. అరచేతుల్లో గీతలు పడ్డాయి.

ఆమె నన్ను ఒక్కసారి చూసి కూర్చుంది.

అధికారి ట్రావెలర్స్ బంగళాకు పోతూ నాతో అన్నాడు. "మెషిన్‌కు మీరే బాధ్యులు కాబట్టి నివేదిక మీరే రాయండి. రేపు పది గంటలకు నాకందాలి. ఎవరనేది స్పష్టంగా ఉండాలి." పెద్ద ఇంజనీరు నన్ను పక్కకు పిలిచి, "ఏమంత ఫికర్ చేయకండి. చిన్న ఉద్యోగి, మహా అయితే ప్రొబేషన్ రద్దంటారు. ఆఫీసు మీద మచ్చ లేకుండా పోతుంది," అన్నాడు. ఓదారుస్తున్నాననే అనుకున్నాడాయన.

మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తెరవలేదు. చాచా ఆ పొడుగాటి కాగితం చుట్టచుట్టి చంకలో పెట్టుకుని నా గదిలోకొచ్చాడు. తలుపు దగ్గరకు వేసి, కాగితం నా బల్ల మీద పరిచి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"సాబ్, జర గిది సూడుండ్రి. బీటమ్మ ఎక్కిచ్చిన వరుసలు ఇవన్ని. గుడ్, బ్యాడ్, గుడ్, గుడ్. అవునా?"

"అవును."

"గిప్పుడు గీ మూడు సూడుండ్రి. ఆ దినం మధ్యాహ్నంవి. గుడ్. తర్వాత ఏమున్నది?"

చూశాను. మాట తర్వాత ఒక చుక్క ఉంది. మూడు వరుసలకూ ఉంది. కాగితం అంతటా బీ-టూ పేరు మీదున్న వందల వరుసల్లో ఆ మూడింటికే ఉంది.

"గీ ఆఫీసుల చుక్క పెట్టే ఆదత్ ఎవరికున్నది సాబ్? నాకైతె లేదు. మీతోని ఇన్నేండ్లు తిట్లు దిన్న, అయినా రాలే."

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. కాగితం మళ్లీ చుట్టాడు.

"విచారణలో ఎందుకు చెప్పలేదు చాచా?"

"గప్పుడు సూడలేదు. సూశినంక మీకు చెప్పిన. ఇంకెవరికి జెప్ప." తలుపు దాకా పోయి తిరిగి చూశాడు. "మీ చుక్క, మీ ఇష్టం."

సొరుగు తీశాను. ఆ తారీకు పేజీలో నా దస్తూరీ ఇట్లా ఉంది: 'బీ-టూకు మధ్యాహ్నం నోటి పర్మిషన్. తల్లికి కండ్ల దవాఖాన. ల్యాబు నుంచి మూడు చీటీలు వచ్చినవి, జాబితా రేపే పోవాలి. నేనే ఎక్కించాను. ఎండ. ఫ్యాను కింద కూర్చుంటే ప్రాణం లేచి వచ్చింది.'

అక్షరం అక్షరానికీ ఆ మధ్యాహ్నం తిరిగొచ్చింది. ఆమె మెషిన్‌లో తన పని మూసేయకుండానే లేచి పోయింది. తెర తెరిచే ఉంది. నా గదిలో తెర ఉన్నా, అక్కడ గాలి లేదు. ఆమె కుర్చీలో కూర్చున్నాను. మూడో చీటీలో ఊరి పేరు చూశాను, అదే పేరుతో ఊళ్లు రెండున్నాయని నాకు తెలుసు, బోరింగు నంబరు చూడాలి. చూడలేదు. ఆ ఫ్యాను గాలికి కళ్లు మూతలు పడుతున్నాయి. గుడ్ అని కొట్టి, చుక్క పెట్టి, లేచాను. ఆ చుక్క పెట్టినందుకు పని పూర్తయిందన్న తృప్తి కూడా కలిగే ఉంటుంది.

తర్వాత జరిగింది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. సాయంత్రం అయిదు గంటలకు నివేదిక రాశాను. అందులో అసలు వాక్యం ఇది: 'సదరు మార్పు బీ-టూ సీటు నుండి జరిగినట్లు యంత్రము తెలుపుచున్నది.' ఒక్క మాట అబద్ధం లేదు. యంత్రం తెలిపింది నిజం, సీటు నిజం. ఎవరు అనే చోట ఎవరూ లేకుండా వాక్యం రాయడం మా ఆఫీసు భాషకు బాగా చేతనవును. నాకు అంతకన్నా బాగా చేతనవును. సంతకం పెట్టి, ఫైలులో కట్టి, పొద్దున ఇవ్వాలని బల్ల మీద పెట్టాను. ఇంకా అయిదేళ్ల సర్వీసు ఉంది. పై పోస్టుకు వరుసలో నా పేరు మొదటిది.

ఇంటికి పోయే దారి బస్టాండు మీదుగానే. మోత్కూర్ బస్సు ఆగే చోట గొర్ల కాపరి కూర్చున్నాడు. పక్కనే నార్కట్‌పల్లి బస్సు కోసం ఆమె నిలబడి ఉంది. జనం మధ్య నన్ను వాళ్లు చూడలేదు. నేనూ పలకరించే స్థితిలో లేను. సోడా బండి వెనక నిలబడిపోయాను.

"బీటమ్మా," అంటున్నాడు ఆయన, "పొద్దటి సంది కూసున్న. తేలిందా? ఎవరు మార్చిన్రట?"

ఆమె సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"నా సీటు మార్చిందట పెద్దయ్యా."

"సీటంటే?"

"కుర్చీ."

"కుర్చీ ఎట్ల మారుస్తది బిడ్డా?"

"ఏమో. ఆఫీసుల గట్లనే ఉంటది."

ఆమె ఎగతాళి చేస్తోందనుకున్నాడో ఏమో, ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత, "నీ నౌకరి మీదికి రాదు గద?" అన్నాడు. నీళ్లు తాగింది ఆయన ఇంటివాళ్లు. అడిగింది ఆమె ఉద్యోగం గురించి. ఆమె జవాబు వినబడలేదు. బస్సు వచ్చింది.

కుర్చీని అడుగుతారా అని కంపెనీ మనిషి అడిగిన రోజు నేను హాజరు పట్టీ చూపించాను. ఆ పట్టీలో అబద్ధపు సంతకం పెట్టించిందీ నేనే. ఆమె మీద జాలిపడి చేసిన పని ఆమె మెడకు చుట్టుకుంది. నేను పద్ధతి అనుకున్నదంతా కలిసి ఒక మనిషిని పట్టించింది, ఆ మనిషి చేయని పనికి.

మరునాడు బుధవారం. ఎనిమిదిన్నరకే ఆఫీసుకు పోయాను. స్వీపరు ఇంకా ఊడుస్తోంది. ఫైలు విప్పి ముందురోజు సాయంత్రం సంతకం చేసిన కాగితం చింపేశాను. కొత్త కాగితం మీద ఆ వాక్యం మళ్లీ రాశాను. ఈసారి మొదటి మాట 'నేను'. ఆ మాటతో మొదలుపెడితే మిగిలిన వాక్యానికి వేరే దారి లేకపోయింది. డైరీ పేజీ కూడా జతచేశాను, ఎక్కించింది నేనేననడానికి సాక్ష్యంగా ఆ మూడు చుక్కల కాగితం పెట్టాను.

పది గంటలకు అధికారి చదివాడు. రెండోసారి చదివాడు. డైరీ పేజీ వెలుతురుకు పెట్టి చూశాడు.

"నిన్న ఇది మీ సొరుగులోనే ఉందా?"

"ఉంది."

"నాలుగడుగుల దూరంలో?"

ఆయనకు ఆ లెక్క ఎట్లా తెలిసిందో తెలియదు. "అవునండి," అన్నాను. పెద్ద ఇంజనీరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అధికారి నా కాగితం మీద ఒక గీత గీసి, "మీకు మెమో వస్తుంది," అన్నాడు. వచ్చింది. పై పోస్టు నా తర్వాతి మనిషికి పోయింది. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. వంగిన మోకాళ్లు ఎవరివో తెలిసిన మనిషికి అది పెద్ద శిక్ష కాదు.

గదిలోంచి బయటికి వచ్చేసరికి ముంగిట్లో జీపు బయలుదేరుతోంది. వెనక మిస్త్రీ ఎర్ర రంగు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బీ-టూ బల్ల దగ్గరకు పోయాను. ఆమెకు అప్పటికే చాచా చెప్పేసినట్లున్నాడు. ఆమె లేచి నిలబడలేదు. అది నాకు మేలనిపించింది.

"నీ పేరు చెప్పమ్మా. మెషిన్‌లో ఎక్కిస్తాను. బీ-టూ అనేది ఈ రోజుతో తీసేస్తున్నాను."

"నా పేరు మీకు తెల్వదా సార్?"

తెలుసు. ఇన్నాళ్లలో ఒక్కసారీ పిలవలేదు. ఆమె పూర్తి పేరు చెప్పింది, తండ్రి ఇంటిపేరుతో సహా. ఒక్కొక్క అక్షరం ఎక్కించాను. రహస్యపదం కొట్టేటప్పుడు కుర్చీ ఆమెకు ఇచ్చి, నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మీటల చప్పుడు చాలాసేపు వినబడింది. పెద్ద పదమే పెట్టుకుంది.

"అయింది సార్."

"ఇప్పుడు ఆ బోరింగు వరుస సరిచెయ్."

ఊరి పేరు చూసింది. నంబరు మీద వేలు పెట్టి, నా చేతిలోని ల్యాబు చీటీతో పైకి చదివి సరిచూసింది. గుడ్ అన్న మాటను, చుక్కతో సహా చెరిపేసింది. బ్యాడ్ అని కొట్టింది. వేలు ఒక మీట మీద ఆపి నా వైపు చూసింది.

"చుక్క పెట్టాల్నా సార్?"

"వద్దమ్మా," అన్నాను. "అది నాది."